సుంకన్న కొమ్ము

కడప,
18 ఫిబ్రవరి 2025

ఉమన్నా,

క్షేమమా అని అడగను. క్షేమంగానే ఉన్నావని తెలుసు, ఎందుకంటే నన్ను మన వాళ్ల వాట్సాప్ గ్రూపులోంచి తీసేసే తీరిక నీకు దొరికింది. ఫోన్ చేస్తే ఎత్తవు. నా నంబరే బ్లాక్ చేసినట్టున్నావు. వదిన ఫోన్‌కు చేస్తే "మీయన్న చేనుకాడ ఉండాడమ్మా" అంటుంది, వెనక నీ దగ్గు నాకు వినిపిస్తూనే ఉంటుంది. అందుకే పోస్టాఫీసుకు పోయి కవరు కొనుక్కొచ్చి రాస్తున్నాను. కవరును బ్లాక్ చేసే బటన్ ఇంకా రాలేదనుకుంటా.

నేను గ్రూపులో ఏం పెట్టాను? బూతులు పెట్టానా? మన సుంకన్న ఫొటో పెట్టాను. అమ్మ తన చేత్తో పెంచిన పొట్టేలు. అమ్మ పోయినప్పటి నుంచి ఈ నాలుగేళ్లూ మా ఇంటి ముందే ఉండి, వీధిలో ప్రతి గేటునూ కొమ్ములతో గుద్ది, చెత్త బండి పాట వినబడితే చాలు దాని వెనకే పరిగెత్తే ముసలి పోకిరి. వాడికి బాగాలేదని పెట్టాను. అది నేరమా?

ఎడమ కొమ్ము మొదట్లో చిన్న పుండు లేచింది. గోడకు రుద్దుకున్నాడేమోలే అని పసుపూ వేపనూనే పూశాను. తగ్గలేదు. కొమ్ము ఒక పక్కకు వాలిపోయింది, మొదట్లో రక్తం, చీము. తల వంచుకుని మూలకు నిలబడతాడు, చెత్త బండి వచ్చినా కదలడు. మా ఆయన తను పనిచేసే బండల మిల్లులో ట్రాలీ ఆటో అడిగి తెచ్చాడు, ఇద్దరం పట్టుకుని పశువుల ఆసుపత్రికి తీసుకుపోయాం. డాక్టరమ్మ చిన్న ముక్క కోసి పరీక్షకు పంపింది. క్యాన్సరట. ఎద్దులకు ఎక్కువగా వస్తుందట, పొట్టేళ్లకు అరుదట. ఇంకా లోపలికి పాకలేదు, వైద్యం చేస్తే బతుకుతాడు అంది. ఆసుపత్రిలో ఏమీ తీసుకోరు. సూదిమందులు మాత్రం బయట కొనాలి. అవి మనుషులకు వేసేవే, ధర కూడా మనుషుల ధరే.

మా సంగతి నీకు చెప్పాలా? మిల్లులో రామాంజికి నెలలో సగం రోజులు పని ఉంటే గొప్ప. అందుకే సిగ్గు విడిచి మన వాళ్లను అడిగాను. ఒక్కరు జవాబు చెప్పేలోపలే ఫొటో తీసేశావు, నన్నూ తీసేశావు. పొట్టేలికి క్యాన్సరు వైద్యమా అని నవ్వుతారని భయమా? నీ ట్రాక్టరుకు కొత్త టైర్లు వేయించి, వాటికి పసుపు కుంకుమలు పెట్టి, అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసి పెట్టావే, అప్పుడు మేం నవ్వుకోలేదా? నవ్వుకుని మళ్లీ దండం బొమ్మ కూడా పెట్టాం.

అమ్మ కర్మాంతరాలు అయిన రోజు "తోలకపో ప్రమీలా, ఈడ ఎవరి చేతి మేతా ముట్టల్యా వీడు" అని వాడి తాడు నా చేతిలో పెట్టింది నువ్వే. ఇచ్చేసి చేతులు కడుక్కుంటే సరిపోతుందా?

కోపంగా ఉన్న నీ చెల్లెలు,
ప్రమీల

---

గుట్టపల్లె, డోన్ దగ్గర,
25 ఫిబ్రవరి 2025

ప్రమీలకు,

ఉత్తరం చేరింది. పోస్టుమ్యాన్ దాన్ని ఇంటికి తెచ్చివ్వకుండా టీ బంకు దగ్గర అందరి ముందూ పైకెత్తి చూపించి ఇచ్చాడు. నీకు సంతోషమే కదా, నాకు పరువు ఉండకూడదనే కదా నీ కోరిక.

ఆ గ్రూపు ఎందుకు పెట్టాం? సుంకులమ్మ దేవర కోసం. ఐదేళ్లకోసారి జరగాల్సిన జాతర పదేళ్లకు కుదిరింది. ఒకసారి కరోనా అన్నారు. ఇంకోసారి అమ్మవారి నైవేద్యం మొదటి కుండ ఎవరు ఎత్తుకోవాలని రెండు వీధులూ కొట్టుకున్నాయి. హనుమన్న మామ పెద్దరికం తీసుకుని అందరినీ కూర్చోబెట్టి మే పదమూడు, మంగళవారం అని ఖాయం చేశాడు. ఆ కబురు పెట్టి గంట కాలేదు, దాని కిందనే నువ్వు చీము కారే కొమ్ము ఫొటో పెట్టావు. వాడు మామూలు పొట్టేలా? అమ్మవారి పేరున వదిలిన జీవం. ఊరు ఊరంతా నాకే ఫోన్లు. "ఏమప్పా ఉమామహేశ్వరా, అమ్మ జీవానికి పుండు పడిందంట గదా, మీ ఇంట్లో ఏం తప్పు జరిగిందప్పా?" ఒకడైతే దేవర వాయిదా వేయాల్నా అని కూడా అడిగాడు. నీకు ఇవన్నీ ఎందుకు? నీ చేతిలో ఫోన్ ఉంది, నొక్కావు, అయిపోయింది.

ఇక డబ్బు సంగతి. నేను ఇవ్వనని ఎప్పుడన్నాను? దేవర పనులు మాట్లాడుకోవడానికి మన వాళ్లందరూ ఆదివారం కూడారు. నేనే లేచి నడిమధ్యలో తువ్వాలు పరిచాను. నా కాళ్లు విరిగి నెలల తరబడి మంచంలో ఉన్నప్పుడు కూడా ఒకరి ముందు తువ్వాలు పరచనివాణ్ని. "సుంకన్నకు నయం గావాల. మీ మనసుకు తోచినంత ఏయండప్పా" అన్నాను. ఒక్క ఇల్లు కూడా వెనక్కి తగ్గలేదు. మారెన్న టమేటా బండి వేసుకుని కడప మార్కెట్టుకు వస్తాడు, వాడి చేతికి ఇచ్చి పంపుతున్నాను.

డాక్టరమ్మకు గట్టిగా చెప్పు. ఎంత ఖర్చయినా పరవాలేదు, వాడి ఒంటి మీద మచ్చ కూడా లేకుండా నయం చేయమను. వాడు నిండుగా ఉండాలి. నాకు కావలసింది అదొక్కటే.

ఉమామహేశ్వర

---

కడప,
6 మార్చి 2025

ఉమన్నా,

మారెన్న వచ్చి ఇచ్చి పోయాడు. నువ్వు తువ్వాలు పరిచిన సంగతి వాడు కూడా చెప్పాడు. "అన్న తల వంచుకోని నిలబడినాడక్కా" అన్నాడు. నేను ఆ రోజంతా ఏ పనీ చేయలేకపోయాను. నిన్ను ఎన్ని తిట్టానో అన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. టైర్ల సంగతి మాత్రం తీసుకోను, ఆ ఫొటోలు నిజంగానే నవ్వొచ్చేలా ఉన్నాయి.

నీ ఉత్తరంలో మచ్చ కూడా లేకుండా అని రాశావే, ఆ ముక్క డాక్టరమ్మకు చదివి వినిపించాను. "మీ అన్నకు శానా ప్రేమున్నట్టుండాదే" అంది. ఉండదా మరి అన్నాను.

మిగతా దానికి నేనూ ఒక ఉపాయం చేశాను. మాధవరం నుంచి చీరలు తెచ్చి అమ్ముతుంటాను కదా, అందులో మంచి జరీ అంచు చీర ఒకటి తీసి లక్కీ డిప్పు పెట్టాను. వీధి వీధంతా చీటీలు కొన్నది. ఎదురింట్లో గాబ్రియేలు సారు ఉన్నాడే, రిటైరైన లెక్కల సారు, ఆయన చర్చిలో కూడా చెప్పి కొనిపించాడు. "సారూ, ఇది సుంకులమ్మ పొట్టేలు, మీకు అభ్యంతరం లేదా" అని అడిగితే, "ఎవరి పొట్టేలైతే నాకేంమ్మా, పొద్దున్నే మా గేటు గుద్ది నన్ను లేపేది వాడే. వాడు గుద్దక శానా దినాలైపాయ, నాకు తెల్లారినట్టే ల్యా" అన్నాడు. దర్గా వీధి టీ కొట్టు ఆయన చీటీ వద్దని ఊరికే ఇచ్చాడు. చీర ఎవరికి తగిలిందనుకున్నావు? నాకు నచ్చని ఆ మూలింటి ఆమెకు. కట్టుకుని నా ముందే తిరుగుతోంది. పోనీలే.

అన్నట్టు, సూదులు ఒక్కటే చాలవట. వాటితో పుండు కాస్త ఆరాక ఏప్రిల్ మొదట్లో కొమ్మును మొదలంటా తీసేస్తారట. మత్తు ఇచ్చి, సన్నటి తీగరంపంతో కోస్తారు. తీయకపోతే లోపలికి పాకి తలకెక్కుతుంది అంది డాక్టరమ్మ. పాపం, మన వాడు ఒంటికొమ్ము వాడైపోతాడు. నువ్వు దేవర పనుల్లో తీరిక చేసుకుని ఒకసారి వచ్చి చూసిపో. నన్ను గ్రూపులో మళ్లీ చేర్చు.

నీ ముద్దుల చెల్లెలు,
ప్రమీల

---

గుట్టపల్లె,
14 మార్చి 2025

ప్రమీలా,

నీకు మతి ఉండే రాశావా? కొమ్ము తీయించడమా?

ఎవరిని అడిగి? అమ్మవారి ముందు నిలబెట్టే జీవం ఎట్లా ఉండాలో మన ఇంట్లో పుట్టిన దానివి, నీకు నేను చెప్పాలా? చెవి తెగినదాన్ని, కన్ను పోయినదాన్ని, కొమ్ము విరిగినదాన్ని ఎవరైనా దేవరకు తోలుకొస్తారా? మే పదమూడున నేను ఎవరిని ఇస్తాననుకున్నావు? దేని కోసం తువ్వాలు పరిచాను? మన వాళ్లందరూ దేని కోసం వేశారు? సుంకన్న నిండుగా వచ్చి అమ్మవారికి ముట్టాలని వేశారు. పొట్టేలు కడపలో షికార్లు తిరగాలని కాదు.

కొమ్ము జోలికి పోవద్దని డాక్టరమ్మకు చెప్పు. ఆ సూదులతోనే నెట్టుకురా. పుండు ఆరి, రక్తం కారకుండా దేవర దాకా నిలబడితే చాలు. ఆ పైన వాడికి ఏ వైద్యమూ అక్కర్లేదు.

చర్చి వాళ్ల చేత, దర్గా వీధి వాళ్ల చేత కూడా డబ్బులు పెట్టించావు. వాళ్లను తప్పు పట్టను, మంచి మనుషులు. కానీ రేపు వాడు ఏడని అడిగితే వాళ్లకు ఏం చెబుతావు? ముందూ వెనకా చూసుకోకుండా చేయడం నీకు చిన్నప్పటి నుంచీ అలవాటే.

ఉమామహేశ్వర

---

కడప,
20 మార్చి 2025

ఉమామహేశ్వరకు,

అన్నా అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

నయం చేయించమన్నది నరకడానికా? వాడు నిండుగా ఉండాలి అని నువ్వు రాస్తే నేను పిచ్చిదాన్నై ఏడ్చానే, ఆ మాటకు అర్థం ఇదా? డాక్టరమ్మ దగ్గర నిన్ను పొగిడానే, ఆమె ముఖం ఇప్పుడెట్లా చూడను? సూది వేయించుకునేటప్పుడు వాడు తల తెచ్చి నా కడుపులో పెడతాడు. నొప్పికి కాళ్లు వణుకుతున్నా కదలడు, నేను ఉన్నాను కదా అని. అట్లాంటి వాణ్ని దేవర దాకా నిలబెడితే చాలు అంటావా? నువ్వు రాసిన ఆ ముక్కను చించేసి పొయ్యిలో వేశాను.

మొక్కు సంగతి నాకు తెలియదని చెప్పడం లేదు. ట్రాక్టరు వంకలో బోల్తా పడి నీ రెండు కాళ్లూ దాని కింద నలిగి కర్నూలు పెద్దాసుపత్రిలో నువ్వు పడి ఉన్నప్పుడు, అమ్మ మెట్ల మీద కూర్చుని మొక్కుకుంటుంటే పక్కన ఉన్నది నేనే. "తల్లీ, నా కొడుకును నిలబెట్టు, నీ పేరున ఒక జీవాన్ని వదుల్తా" అంది. వదుల్తా అంది, కోస్తా అనలేదు. గుడికి వదిలిన ఆంబోతులు ఊళ్లో తిరగడం లేదా? వాటిని ఎవరైనా కోస్తున్నారా?

అమ్మ చివరి రోజుల్లో ఏమందో కూడా విను. నువ్వు మందులకని డోన్‌కు పోయి ఉన్నావు. నా చెయ్యి పట్టుకుని, "సుంకన్నను ఎవరికీ ఇయ్యాకమ్మా. వాడు నాకు ఇంకొక బిడ్డ. అమ్మవారికి నేను పోయి చెప్పుకుంటాలే" అంది. చెప్పుకుని కూడా ఉంటుంది. నువ్వు మధ్యలో దూరి కత్తి పట్టుకోవద్దు.

వాడు నా వాడు. నువ్వు నాకు ఇచ్చేశావు. కొమ్ము తీయిస్తాను. నువ్వు పంపింది సూదులకు అయిపోయింది, లేకపోతే నీ ముఖాన కొట్టేదాన్ని.

ప్రమీల

---

గుట్టపల్లె,
2 ఏప్రిల్ 2025

ప్రమీలా,

నేను నీకు ఇచ్చానా? ఎప్పుడు ఇచ్చాను? మేపమని అప్పగించాను. మన పక్క ఒకరి జీవాన్ని ఇంకొకరు మేపడం కొత్తా? నాలుగేళ్లు మేపినా పదేళ్లు మేపినా అది ఎవరి పేరున ఉందో వాళ్లదే. తాడు చేతిలో పెట్టగానే నీదైపోయిందా? కడప నీళ్లు తాగి ఊరి పద్ధతులన్నీ మరిచిపోయావు.

అమ్మ నీకు చెప్పిన మాట చెప్పావు. నాకు చెప్పింది నేను చెబుతాను. అదే మంచంలో, నువ్వు నీళ్లు తేవడానికి లోపలికి పోయినప్పుడు నన్ను పిలిచి, "మొక్కు మరవాకు నాయనా. మరిస్తే నీ కాళ్ల మీద నాకు నమ్మకం ల్యా" అంది. నీ చెవిలో ఒక మాట, నా చెవిలో ఒక మాట వేసి హాయిగా పోయింది మహాతల్లి. ఆమె మీద కూడా నాకు ఒళ్లు మండుతోంది. చచ్చిపోయిన మనిషితో ఎట్లా పోట్లాడాలో తెలియడం లేదు, అందుకని నీతో పోట్లాడుతున్నాను.

నాకు వాడంటే ఏమీ లేదనుకున్నావా? నువ్వు కడపకు తిరిగి పోయావు, ఆ తర్వాత సంగతి నీకు తెలియదు. నా కాళ్లకు కట్లు కట్టి మంచంలో పడేసినప్పుడు, అమ్మ మొక్కుకని తెచ్చిన ఆ గొర్రెపిల్ల నా మంచం కిందనే పడుకునేది. పాలసీసా అమ్మ నా చేతికి ఇచ్చేది. ఉచ్చకు కూడా ఇంకొకరు ఎత్తి కూర్చోబెట్టాల్సిన మనిషిని, దానికి పాలు పట్టడం ఒక్కటే నేను చేయగలిగిన పని. కర్ర పట్టుకుని మొదటిసారి వాకిలి దాటిన రోజు నా వెనకే నడిచింది వాడే. అమ్మ పోయాక వాడు మేత ముట్టకపోతే చూడలేక నీకు తోలిచ్చాను. అంత ప్రాణం కాబట్టే వాణ్ని అమ్మవారికి ఇచ్చేది, అర్థమైందా? మనసు పడనిదాన్ని సంతలో కొనుక్కొచ్చి ఇస్తే అది ఇవ్వడమా? నా బతుకు అప్పుడు అట్లా వచ్చింది, దాని బదులు ఇంత ప్రియమైనది పోవాలి. నాకు నొప్పి లేదని నీకు ఎవరు చెప్పారు?

నా మోకాలు వాచినప్పుడల్లా మీ వదిన నా కాలు వైపు చూడదు, అమ్మవారి పటం వైపు చూస్తుంది. ఆమెకు భయం. నాకూ భయమే. మగవాణ్ని కాబట్టి చెప్పను.

కొమ్ము ముట్టుకోవద్దు. అన్నగా చెబుతున్నాను, ఇదే ఆఖరి మాట.

ఉమామహేశ్వర

---

కడప,
9 ఏప్రిల్ 2025

ఉమన్నా,

ముట్టుకున్నాం. తీసేశాం.

సోమవారం పొద్దున ట్రాలీ ఆటోలోకి వాణ్ని ఎక్కిస్తుంటే నీ ఉత్తరం వచ్చింది. ఆసుపత్రి వరండాలో నిలబడి చదివాను. మంచం కింద పిల్ల సంగతి రెండుసార్లు చదివాను. తొమ్మిదేళ్లలో ఒక్కసారైనా నోరు తెరిచి చెప్పావా ఈ మాట? అన్నీ కడుపులో దాచుకుని, పైకి పద్ధతి, పరువు, పెద్దరికం. నీ మీద జాలి వేసింది, జాలి వెనకే ఇంకా కోపం వచ్చింది. లోపల డాక్టరమ్మ సంతకం కోసం ఎదురు చూస్తోంది. రామాంజి "మీ అన్నను ఒక మాట అడుగుదామా?" అన్నాడు. అడిగితే ఏమంటాడో నా చేతిలోనే ఉంది అన్నాను. సంతకం పెట్టాను.

నువ్వు మంచంలో ఉన్నప్పుడు నీ కాలు తీసేయాలని మొదట ఒక డాక్టరు అన్నాడు, గుర్తుందా? అమ్మ ఏడ్చి గోల చేస్తే ఇంకొకరికి చూపించి నిలబెట్టాం. ఒకవేళ తీసేసి ఉంటే నిన్ను ఇంట్లో పనికిరాడని తోసేసేవాళ్లమా? కొమ్ము పోతే వాడు అమ్మవారికి పనికిరాడు, నాకు మాత్రం పనికొస్తాడు.

కొమ్ము తీసిన చోట లోపలి దాకా గుంట కనబడింది. దూది కుక్కి కట్టు కట్టారు. ఒక పక్క బరువు పోయేసరికి తల వంకరగా పెట్టి నడుస్తున్నాడు, గోడలకు తగులుకుంటున్నాడు. ఇవాళ మాత్రం గ్లాసు గంజి తాగాడు. గాబ్రియేలు సారు వచ్చి చూసి, కాసేపు వాడి వీపు మీద చెయ్యి వేసి కూర్చుని పోయాడు.

నీ మీద మాట రానివ్వను. దేవరకు నేనే వస్తాను. హనుమన్న మామ ముందు, మన వాళ్లందరి ముందు నిలబడి, నేనే తీయించాను, మా అన్న వద్దన్నా వినలేదు అని చెబుతాను. ఎవరు ఏమన్నా నేను పడతాను.

ప్రమీల

---

గుట్టపల్లె,
18 ఏప్రిల్ 2025

ప్రమీలా,

రావద్దు.

ఊళ్లో అందరికీ తెలిసిపోయింది. మారెన్న మీ ఇంటికి వచ్చి చూసి పోయాడు కదా, వాడి నోరు నీకు తెలుసు. డోన్ సంతలో ఇంకొక పొట్టేలిని తెచ్చాను, దానితోనే కానిస్తాను. నువ్వు వస్తే పొలిమేర దగ్గరి నుంచే వెనక్కి తిప్పి పంపుతాను. ఇక్కడ నీకు ఏ పనీ లేదు. బావతో కూడా చెప్పు, తీసుకురావద్దని.

ఉమామహేశ్వర

---

కడప,
25 ఏప్రిల్ 2025

ఉమామహేశ్వరకు,

పుట్టింటి ఆడపిల్లను దేవరకు రావద్దన్న అన్నను నేను ఎక్కడా వినలేదు. ఊరంతా ఆడబిడ్డలను పిలిచి చీర పెట్టే పండుగ అది. నన్ను పొలిమేర దగ్గర వెనక్కి తిప్పుతావా? సరే. నీ వాకిలి నీకు, నా వాకిలి నాకు. రామాంజి "మీ అన్న కోపం నాలుగు రోజులుంటుందిలే" అంటున్నాడు. నా కోపం ఎన్ని రోజులుంటుందో ఆయనకు తెలియదు.

ఇక నీకు రాయను. జవాబు కూడా అక్కర్లేదు.

ప్రమీల

---

గుట్టపల్లె,
16 మే 2025

ప్రమీలా,

జవాబు అక్కర్లేదన్నావు. నువ్వు అక్కర్లేదంటే మానేసేవాణ్ని అయితే మన మధ్య ఇంత రాద్ధాంతం జరిగేది కాదు. నాకు ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది, అది చల్లారకముందే రాస్తున్నాను.

దేవర అయింది. బాగా జరిగిందని చెప్పను.

సంతలో తెచ్చిన పొట్టేలికి పసుపు రాసి, దండ వేసి, తప్పెట్లతో గుడి ముందుకు తోలుకుపోయాం. పసుపునీళ్లు చల్లారు. ఒళ్లు విదిలిస్తే అమ్మవారు ఒప్పుకున్నట్టు, నీకు తెలిసిందే. విదల్చలేదు. మళ్లీ చల్లారు. లేదు. చెంబులు పోయి బిందెలు వచ్చాయి. ఆ ఎండలో ఆ గాడిద కొడుకు కళ్లు మూసుకుని, స్నానం చేయిస్తున్నారనుకుని హాయిగా నిలబడ్డాడు. తప్పెట్లు ఆగిపోయాయి.

హనుమన్న మామ అన్నాడు, "అమ్మ వేరేదాన్ని ఒప్పుకోల్యా. అసలు జీవం యాడుండాది ఉమామహేశ్వరా? చెప్పు, అమ్మ ముందర చెప్పు." నేను నోరు తెరిచేలోపల కింది వీధి వాళ్లు అందుకున్నారు. "ఇంకేం చెప్పేది? ఆ కడపామె కొమ్ము కోపిచ్చింది గదా. అమ్మ జీవం మీద రంపం పెట్టిన మనిషి. ఆయమ్మను ఈడికి పిలిపీండి, గుడి ముందర నిలబెట్టి అడుగుదాం." పడుచువాళ్లు ఇద్దరు ముగ్గురు బండ్లు తీశారు కూడా, కడపకు పోయి తెస్తామని. నువ్వు ఆ రోజు అక్కడ ఉండి ఉంటే ఏం జరిగేదో నీకు తెలుసా? నీ చీర కొంగు నీ భుజం మీద ఉండేదా? మారెన్న నోటి నుంచి సంగతి బయటపడినప్పటి నుంచీ ఊళ్లో ఈ మాటలు వింటూనే ఉన్నాను. అందుకే రావద్దన్నాను. అది కూడా నీకు విడమరిచి రాయాలా? అన్న రావద్దంటే ఎందుకో ఒకసారి ఆలోచించడానికి నీకేం జబ్బు?

నేను లేచి చెప్పాను. "కొమ్ము తీపిచ్చింది నేను. నా చెల్లెలు వద్దనింది, ఏడ్చింది. నేనే బలవంతం జేసి తీపిచ్చినా. అడగాల్సింది నన్ను అడగండి" అన్నాను. మీ వదిన నా వైపు చూసింది. ఆమెకు నిజం తెలుసు, నీ ఉత్తరాలన్నీ చదివింది. అయినా వచ్చి నా పక్కన నిలబడింది. అమ్మవారి ముందు, కళ్లెదురుగా, పచ్చి అబద్ధం ఆడాను ప్రమీలా. నా జన్మలో ఎప్పుడూ చేయని పనులన్నీ ఈ సంవత్సరమే నువ్వు నా చేత చేయించావు.

పెద్దలు కూర్చుని తేల్చారు. కొమ్ము లేని జీవాన్ని అమ్మవారికి ఇవ్వడానికి లేదు. దాని బదులు ఇంకొకటి ఇవ్వడానికీ లేదు, ఆమె ఒప్పుకోలేదు కాబట్టి. అందుకని సుంకన్న తనంతట తాను పోయేదాకా మొక్కు నా నెత్తి మీదనే ఉన్నట్టు. అంతవరకు నేను గుడి గడప తొక్కకూడదు, మన వాళ్ల పూజలో నా చేత్తో కొబ్బరికాయ కొట్టకూడదు. నాయన పోయినప్పటి నుంచీ మొదటి కొబ్బరికాయ నాది. ఈసారి పక్క వీధి వాళ్లు కొట్టారు. నేను చెప్పులు కూడా విప్పకుండా బయట ఎండలో నిలబడి చూశాను. నా కాళ్లు బాగానే నిలబడ్డాయి, ఏమీ కాలేదు. అది చూసి మీ వదిన ఏడ్చింది, ఎందుకు ఏడ్చిందో నేను అడగలేదు.

అంతా అయ్యాక హనుమన్న మామ నన్ను పక్కకు పిలిచి భుజం తట్టాడు. "ముసలి జీవం గదప్పా. రోగం గూడా ఉండాది. ఎన్నాళ్లుంటాదిలే, ఒక ఏడాది, ఏడాదిన్నర. ఓపిక పట్టు, మళ్లా గుళ్లోకి వస్తావు" అన్నాడు. పాపం ఆయన నాకు ధైర్యం చెబుతున్నాననే అనుకున్నాడు. ఆ మాట వినగానే నాకు ఎక్కడ లేని కోపమూ వచ్చింది. వాడి చావు కోసం నేను కాచుకుని కూర్చోవాలా? వయసుకు కూడా విలువ ఇవ్వకుండా ఆయన్ను నానా మాటలూ అని వచ్చాను. ఇప్పుడు ఆయన కూడా నాతో మాట్లాడడం లేదు.

నీతో కూడా నేను మాట్లాడను. ఫోన్ చేయొద్దు, ఎత్తను. కొమ్ము తీసిన గుంట ఎంతవరకు పూడిందో మాత్రం రాయి. డాక్టరమ్మ చెప్పిన సూదుల్లో ఒక్కటి మానిపించావని తెలిసిందా, కడపకు వచ్చి నీ గడప ముందే గొడవ చేస్తాను. ముసలివాడని, రోగమని ఎవరైనా అంటే చెవిన పెట్టొద్దు. వాణ్ని బతికించు. ఎన్నేళ్లు బతుకుతాడో బతకనీ, నేను బయటే నిలబడతాను.

ఉమన్న